ప్రపోజిషన్లు, మెజర్లు: ఓటు వేసేలోపు ఎలా చదవాలి?

అమెరికా పౌరసత్వం వచ్చి మొదటిసారి బ్యాలట్ కవరు విప్పినవాళ్లు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ప్రెసిడెంటు, గవర్నరు సరే, వెనకవైపు ఉన్న ఈ ప్రపోజిషన్లేమిటి? దేనికి యెస్ పెట్టాలి, దేనికి నో పెట్టాలి?" గుర్తు చూసి మీట నొక్కడానికి అలవాటుపడ్డ మనకు ఇది కొత్తే. ఇక్కడ చట్టాన్నే ముందు పెట్టి కావాలా వద్దా అని అడుగుతారు. కాలిఫోర్నియాలో రాష్ట్రం మొత్తానికి వచ్చేదాన్ని ప్రపోజిషన్ అని, సిటీ, కౌంటీ లాంటివి పెట్టేదాన్ని మెజర్ అని అంటారు. పక్కన పార్టీ పేరుండదు, గుర్తుండదు.

దేనికి ఏ ఓటు వేయాలో ఇక్కడ చెప్పబోవడం లేదు. అడుగుతున్నది ఏమిటి, డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది అన్నవి మీరే తేల్చుకునే పద్ధతి ఇది. ఉదాహరణలు ఎక్కువగా కాలిఫోర్నియావి, ఎందుకంటే అక్కడ బ్యాలట్ పొడవు ఎక్కువ, తికమకా ఎక్కువే. టెక్సస్, జార్జియా, న్యూజెర్సీ, ఫ్లోరిడా, కొలరాడో తేడాలు తర్వాత ఉన్నాయి.

ముందుగా ఒక హెచ్చరిక. గ్రీన్ కార్డు, హెచ్-1బి, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఈ ఓటు లేదు. డ్రైవింగ్ లైసెన్సు కోసం వెళ్లినప్పుడు ఓటరు నమోదు గడిలో పొరపాటున టిక్ పెట్టినా, రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో అది పెద్ద చిక్కు తెచ్చిపెట్టగలదు. ఇంట్లో ఇంకా పౌరసత్వం రానివాళ్లుంటే ఈ మాట ఇప్పుడే చెప్పండి.

కావలసినవి

- మీ చిరునామాకు వచ్చే శాంపుల్ బ్యాలట్. కౌంటీ ఎన్నికల ఆఫీసు వెబ్‌సైట్‌లో చిరునామా కొడితే దొరుకుతుంది.
- రాష్ట్ర ఓటరు గైడు, కౌంటీ ఓటరు గైడు. ఇవి రెండు వేర్వేరు పుస్తకాలు. కాలిఫోర్నియాలో రాష్ట్ర గైడును ఎన్నికకు 40 నుంచి 21 రోజుల ముందు పోస్టులో పంపుతారు. ఒకే ఇంట్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు ఓటర్లుంటే ఒక్క కాపీనే రావచ్చు.
- సొంతిల్లుంటే ఈ ఏడాది ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లు.
- తెల్లకాగితం, పెన్ను. ఫోను నోట్స్ చాలదా అంటే చాలదు, కారణం ఏడో స్టెప్పులో ఉంది.
- సమయం. 2024 నవంబరులో కాలిఫోర్నియాలో రాష్ట్ర ప్రపోజిషన్లే 10. వాటికి తోడు సిటీవి, కౌంటీవి, స్కూల్ డిస్ట్రిక్టువి. ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, రోజుకు రెండు మూడు చొప్పున పెట్టుకోండి.

స్టెప్ 1: మీ బ్యాలట్‌లో ఉన్నవే రాసుకోండి

వాట్సాప్ గ్రూపులో తిరిగే జాబితాతో మొదలుపెట్టకండి. పక్క సిటీలోని స్నేహితుడి బ్యాలట్‌లో ఉన్న మెజర్ మీ దాంట్లో ఉండకపోవచ్చు. ఒకే అక్షరం పేరుతో పక్క కౌంటీలో వేరే మెజర్ ఉండొచ్చు కూడా. "మెజర్ ఏ కి యెస్ వేయండి" అని ఎవరో పెట్టారంటే, అది ఏ కౌంటీ ఏ, ఏ ఏడాది ఏ అని ముందు అడగాలి.

పోస్టల్ చిరునామాలో ఊరి పేరున్నంత మాత్రాన ఆ సిటీ ఓటరు అయిపోరు. జార్జియాలో ఫోర్సైత్ కౌంటీనే చూడండి. చిరునామాలో కమింగ్ అని రాసుకునే మన కుటుంబాల్లో చాలామంది కమింగ్ సిటీ హద్దులకు బయటే ఉంటారు. సిటీ మెజర్‌కు వాళ్లకు ఓటుండదు, కౌంటీ మెజర్‌కు ఉంటుంది. శాంపుల్ బ్యాలట్ ఒక్కటే దీన్ని సరిగ్గా చెబుతుంది.

స్టెప్ 2: అది ఏ రకమో గుర్తించండి

ప్రతి దాని పక్కన రకం రాయండి. కాలిఫోర్నియాలో ఎక్కువగా కనిపించేవి ఇవి:

ఇనీషియేటివ్: సంతకాలు సేకరించి పౌరులో, కంపెనీలో, యూనియన్లో పెట్టించినది. మామూలు చట్టానికి గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం, రాజ్యాంగ సవరణకు 8 శాతం సంతకాలు కావాలి.

శాసనసభ పంపినది: రాజ్యాంగ సవరణ, బాండ్ (ప్రభుత్వం తెచ్చి వడ్డీతో తీర్చే అప్పు) లాంటివి. రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల మద్దతు దాటి వచ్చినవి.

రిఫరెండం: శాసనసభ ఇప్పటికే చేసిన చట్టాన్ని ఆపాలని సంతకాలు పెట్టించి ఓటుకు తెచ్చినది. ఎక్కువమంది బోల్తా కొట్టేది ఇక్కడే.

లోకల్ బాండ్, పార్సిల్ ట్యాక్స్ (ఒక్కో స్థలం మీద వేసే పన్ను), సేల్స్ ట్యాక్స్: సిటీ, కౌంటీ, స్కూల్ డిస్ట్రిక్టు పెట్టేవి. వీటికి అంకెలు కాకుండా సాధారణంగా అక్షరాలుంటాయి.

స్టెప్ 3: యెస్ గెలిస్తే ఏమవుతుంది, నో గెలిస్తే ఏమవుతుంది?

మొత్తం పనిలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. రాష్ట్ర గైడులో ప్రతి ప్రపోజిషన్‌కూ లెజిస్లేటివ్ అనలిస్ట్ ఆఫీసు రాసిన విశ్లేషణ ఉంటుంది. ఇది ఏ పార్టీకీ చెందని ఆఫీసు. యెస్ ఓటుకు అర్థమేమిటి, నో ఓటుకు అర్థమేమిటి అని విడివిడిగా గైడులో రాసి ఉంటుంది. వెంటనే అది చూడకండి. ముందు విశ్లేషణ చదివి, రెండు వాక్యాలు తెలుగులో మీరే రాయండి: "యెస్ గెలిస్తే ఫలానాది మారుతుంది. నో గెలిస్తే ఫలానాలా ఉంటుంది." ఆ తర్వాత గైడులోని వాక్యాలతో పోల్చండి. తేడా వస్తే మళ్లీ చదవాలి. మీకు అర్థమైందో లేదో తేల్చే పరీక్ష ఇదే.

"నో అంటే ఇప్పుడున్నట్టే ఉంటుంది" అని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు నిజమే. కానీ రెండుచోట్ల ఇది తప్పుతుంది.

మొదటిది రిఫరెండం. ఇందులో యెస్ అంటే శాసనసభ చేసిన చట్టం ఉండాలని, నో అంటే పోవాలని. 2022లో ప్రపోజిషన్ 31 వచ్చింది. ఫ్లేవర్డ్ పొగాకు ఉత్పత్తుల అమ్మకాన్ని నిషేధించే చట్టం అప్పటికే సభ దాటింది, పొగాకు కంపెనీలు దాన్ని ఓటుకు లాగాయి. నిషేధం కావాలనుకున్నవాళ్లు యెస్ వేయాలి. "నిషేధానికి వ్యతిరేకంగా వచ్చిన ప్రపోజిషన్ కదా, మనం నో వేద్దాం" అనుకున్నవాళ్ల ఓటు తిరగబడింది. 2020లో ప్రపోజిషన్ 25 కూడా రిఫరెండమే. డబ్బు కట్టి బెయిల్ తెచ్చుకునే పద్ధతిని తీసేసే చట్టం మీద నో గెలిచింది, అంటే పాత బెయిల్ పద్ధతే నిలిచింది. ఈ గందరగోళం వల్లే 2023లో రాష్ట్ర రిఫరెండంకు యెస్, నోల బదులు "చట్టాన్ని ఉంచండి", "చట్టాన్ని రద్దు చేయండి" అన్న అర్థం వచ్చే మాటలు పెట్టాలని చట్టం చేశారు. పాత పోస్టుల్లో "నో వేయండి" అని కనిపిస్తే అది ఏ సంవత్సరానిదో చూసుకోండి.

రెండోది కొనసాగింపు. గడువు తీరబోతున్న పన్నును పొడిగించమని అడిగే మెజర్ ఇది. "పన్ను రేటు పెంచకుండా" అన్న మాట ఇందులో పెద్దగా కనిపిస్తుంది. అబద్ధమేమీ కాదు. కాకపోతే నో గెలిస్తే పాత పన్ను ముగిసి మీరు కట్టేది తగ్గుతుందన్న సంగతి ఆ మాటలో కనబడదు. కొత్త స్కూల్ బాండ్లకు కూడా ఇదే మాట వాడతారు: పాత బాండ్ అప్పు తీరిపోతుంటే ఆ ఖాళీలో కొత్తది కూర్చుంటుంది.

ఇక భాష. రిపీల్ అంటే రద్దు. ఒక పన్ను రద్దు మీద యెస్ వేస్తే పన్ను పోతుంది. 2017లో పెంచిన కాలిఫోర్నియా గ్యాస్ ట్యాక్స్ మీద 2018లో వచ్చిన ప్రపోజిషన్ 6 అలాంటిదే. ఆ పెంపు ఉండాలనుకున్నవాళ్లు నో వేయాలి. బ్యాలట్ వాక్యాన్ని ఫోను అనువాదంలో పెట్టి దాని మీదే ఆధారపడకండి. రెండు కాదులు, ఒక రద్దు కలిసిన వాక్యంలో అది ఒక కాదుని మింగేసినా మీకు తెలియదు.

స్టెప్ 4: గెలవడానికి ఎంత కావాలి?

50 శాతం దాటితే గెలిచినట్టే అనుకోకూడదు. కాలిఫోర్నియాలో:

- రాష్ట్ర ప్రపోజిషన్లకు సగం దాటితే చాలు.
- 2000 నాటి ప్రపోజిషన్ 39 నియమాల కింద పెట్టే స్కూల్ బాండ్లకు 55 శాతం.
- పార్సిల్ ట్యాక్స్‌కు, సిటీ లేదా కౌంటీ బాండ్‌కు మూడింట రెండొంతులు. దీన్ని కొన్ని బాండ్లకు 55కి తగ్గించాలని 2024లో ప్రపోజిషన్ 5 వచ్చి ఓడిపోయింది.
- సిటీ పెట్టే సేల్స్ ట్యాక్స్‌లో రెండు రకాలున్నాయి. జనరల్ ట్యాక్స్‌కు సగం దాటితే చాలు, ఆ డబ్బు దేనికైనా వాడొచ్చు. స్పెషల్ ట్యాక్స్‌కు మూడింట రెండొంతులు, డబ్బు చెప్పిన పనికే.

చివరి దాంట్లోనే కిటుకు ఉంది. బ్యాలట్‌లో "రోడ్ల గుంతలు, ఫైర్ స్టేషన్లు, 911 సర్వీసు లాంటి వాటికి" అని రాసి, గెలవడానికి సగమే చాలని ఉంటే అది జనరల్ ట్యాక్స్. గుంతల మాట సిటీ కౌన్సిల్‌ను కట్టిపడేయదు. కౌంటీ గైడులో కౌంటీ న్యాయవాదో, సిటీ అటార్నీయో రాసిన నిష్పాక్షిక విశ్లేషణలో ఇది ఏ రకమో ఉంటుంది. ఒక మినహాయింపు ఉంది. పౌరులే సంతకాలతో పెట్టించిన స్పెషల్ ట్యాక్స్‌కు సగం చాలని 2017 తర్వాత కోర్టు తీర్పులొచ్చాయి. అందుకే ఊహించకుండా గైడులో చూడాలి.

స్టెప్ 5: డబ్బు లెక్క

ముందు ఒక విభజన గుర్తుంచుకోండి. రాష్ట్ర బాండ్‌ను రాష్ట్ర ఖజానా తీరుస్తుంది, మీ ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో అది కనిపించదు. లోకల్ బాండ్‌ను మీ ప్రాపర్టీ ట్యాక్స్ తీరుస్తుంది. ఈ రెండింటినీ కలిపేసి గాభరాపడేవాళ్లు ఎక్కువ.

రాష్ట్ర బాండ్‌లో అసలును మాత్రమే చూడకండి. 2024లో స్కూళ్ల కోసం వచ్చిన ప్రపోజిషన్ 2లో బాండ్ 10 బిలియన్ డాలర్లు. విశ్లేషణ ప్రకారం తీర్చేది ఏడాదికి సుమారు 500 మిలియన్ల చొప్పున 35 ఏళ్లు. గుణించండి: 17.5 బిలియన్లు. వడ్డీ ఉంది కాబట్టి తప్పని కాదు, హోమ్‌లోన్‌కూ అంతే కదా. ఎంత కడుతున్నామో తెలిసి ఓటేయాలి, అంతే.

లోకల్ స్కూల్ బాండ్‌కు కౌంటీ గైడులో ట్యాక్స్ రేట్ స్టేట్‌మెంట్ ఉంటుంది. అందులో లక్ష డాలర్ల అసెస్డ్ విలువకు (పన్ను కోసం కౌంటీ లెక్కగట్టిన ఇంటి విలువకు) ఏడాదికి ఎంతో రాస్తారు. 55 శాతం నియమం కింద యూనిఫైడ్ స్కూల్ డిస్ట్రిక్టు (చిన్న తరగతుల నుంచి హైస్కూలు దాకా అన్నీ నడిపేది) ఒక్కో బాండ్‌కు అంచనా వేయగల గరిష్ఠం 60 డాలర్లు. ఇప్పుడు లెక్క వేద్దాం. 2015లో 8 లక్షలకు ఇల్లు కొన్నారనుకోండి. 1978 నాటి ప్రపోజిషన్ 13 వల్ల అసెస్డ్ విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు. పదేళ్లకు అది సుమారు 9.75 లక్షలు. 9.75ను 60తో గుణిస్తే ఏడాదికి 585 డాలర్లు. అదే ఇంటికి ఇప్పుడు మార్కెట్లో 16 లక్షలు పలుకుతోందని ఆ అంకెతో లెక్కేస్తే 960 వస్తుంది, అది తప్పు. ఇళ్ల ధరలు చూపించే యాప్ మూసేసి, ట్యాక్స్ బిల్లు మీదున్న విలువ తీసుకోండి. రేటు కూడా ఏటా మారుతుంది కాబట్టి స్టేట్‌మెంట్‌లో సగటు రేటు, అత్యధిక రేటు రెండూ చూడండి.

అదే బిల్లులో పాత బాండ్లు ఒక్కో వరుసగా కనిపిస్తాయి. మీ స్కూల్ డిస్ట్రిక్టు పేరు మీద ఇప్పటికే ఎన్ని నడుస్తున్నాయో అక్కడే తెలుస్తుంది.

పార్సిల్ ట్యాక్స్ లెక్క వేరు. చాలావరకు ఇంటి విలువతో సంబంధం లేకుండా ఒక్కో స్థలానికి ఇంత అని ఉంటుంది. చాలా స్కూల్ డిస్ట్రిక్టులు 65 ఏళ్లు దాటినవాళ్లకు మినహాయింపు ఇస్తాయి, కానీ అది దానంతటది రాదు, దరఖాస్తు పెట్టుకోవాలి. అమ్మానాన్నల పేరు మీద ఇల్లుంటే ఇది చూడండి.

స్టెప్ 6: అసలు పాఠం, ఆ తర్వాత డబ్బు పెట్టినవాళ్లు

రాష్ట్ర గైడు వెనక చట్టం పూర్తి పాఠం ఉంటుంది. అడ్డగీత కొట్టినవి తీసేసే మాటలు, వాలు అక్షరాల్లో ఉన్నవి చేర్చే మాటలు. మొత్తం చదవక్కరలేదు. ఎప్పటి నుంచి అమలు, తర్వాత ఎవరు మార్చగలరు అన్నవి రెండూ చూస్తే చాలు. ఓటర్లు ఆమోదించిన ఇనీషియేటివ్‌ను, అందులోనే అనుమతి ఉంటే తప్ప, శాసనసభ తనంతట తాను మార్చలేదు. యాప్ డ్రైవర్ల మీద 2020లో నెగ్గిన ప్రపోజిషన్ 22లో సవరణకు ఎనిమిదింట ఏడొంతుల మద్దతు కావాలని రాశారు. అంత మద్దతు సభలో కూడగట్టడం దాదాపు అసాధ్యం. ఇలాంటి వాక్యం ఉన్నప్పుడు "తర్వాత సరిచేసుకుందాంలే" అన్న మాట చెల్లదు.

డబ్బు విషయంలో ప్రచారం నడిపే కమిటీ పేరు చూసి ఆగిపోకండి. 2022 ప్రపోజిషన్ 27 ఆన్‌లైన్ స్పోర్ట్స్ బెట్టింగ్‌ను అనుమతించడానికి వచ్చింది. కమిటీ పేరులో మాత్రం ఇళ్లులేనివాళ్లు, మానసిక ఆరోగ్యం ఉన్నాయి. డబ్బు పెట్టింది డ్రాఫ్ట్‌కింగ్స్, ఫ్యాన్‌డ్యూయెల్ లాంటి బెట్టింగ్ కంపెనీలు. ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఎక్కువ డబ్బిచ్చిన మొదటి ముగ్గురి పేర్లు ఉంటాయి, ముందు అవి చదవండి. రాష్ట్ర ప్రచార నిధుల వివరాలు కాల్-యాక్సెస్ సైట్‌లో ఉంటాయి. సిటీ మెజర్లకు సిటీ క్లర్కు దగ్గర దొరుకుతాయి.

పోస్టులో వచ్చే కాగితాల్లో రెండింటితో జాగ్రత్త. ఒకటి స్లేట్ మెయిలర్: ఏదో పార్టీ అధికారిక జాబితాలా మెరిసే కార్డు. అందులో కొన్ని పేర్ల పక్కన చిన్న నక్షత్రం ఉంటుంది. దాని అర్థం ఆ చోటుకు డబ్బు కట్టారని. రెండోది సిటీయో, స్కూల్ డిస్ట్రిక్టో పంపే "సమాచారం". ప్రజాధనంతో ఓటు అడగకూడదు కాబట్టి యెస్ వేయమని అందులో ఉండదు. ఏ సమాచారం ఇవ్వాలో ఎంచుకున్నది మాత్రం వాళ్లే.

అనుకూల, ప్రతికూల వాదనలు ఇవన్నీ అయ్యాకే చదవండి. గైడులో అచ్చయినంత మాత్రాన వాదనల్లోని అంకెలను ప్రభుత్వం సరిచూసిందని కాదు. ముందే అవి చదివితే మిగతావన్నీ వాటి రంగులోనే కనిపిస్తాయి.

స్టెప్ 7: కాగితం రాసుకుని ఓటేయండి

ఒక్కో మెజర్‌కు ఒక వరుస: పేరు, ఒక్క వాక్యం సారం, యెస్ లేదా నో. బూత్‌కు వెళ్తే ఆ కాగితం తీసుకెళ్లొచ్చు. టెక్సస్‌లో ఓటు వేసే చోటికి 100 అడుగుల లోపల ఫోను వాడకూడదు, కాగితం అని పట్టుబట్టింది అందుకే.

అర్థంకాని మెజర్‌ను ఖాళీగా వదిలేయొచ్చు. మిగతా ఓట్లు చెల్లుతాయి. అందరూ వేస్తున్నారని గుడ్డిగా వేయడం కంటే ఇదే నయం. గడి తప్పు నింపితే గీకి దిద్దకుండా కౌంటీ ఆఫీసును కొత్త బ్యాలట్ అడగండి.

ఇంగ్లిషు చదవలేని అమ్మమ్మకో తాతయ్యకో సాయంగా తమకు నచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లే హక్కు ఫెడరల్ చట్టమే ఇస్తోంది. పనిచేసే చోటి యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం ఆ సాయానికి పనికిరారు. మీరు చదివి వినిపించండి, నిర్ణయం వాళ్లది. తెలుగులో నమూనా బ్యాలట్ ఉందేమో కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసి అడగడం మరవకండి.

ఇతర రాష్ట్రాల్లో మారేవి

టెక్సస్: పౌరులు సంతకాలతో రాష్ట్ర మెజర్ పెట్టించే దారి లేదు. రాజ్యాంగ సవరణలను శాసనసభే పంపుతుంది, ఎక్కువగా బేసి సంవత్సరాల నవంబరులో. 2023లో 14, 2025లో 17 వచ్చాయి. ప్రెసిడెంటు ఎన్నిక లేని ఏడాది కదా అని ఊరుకుంటే వీటిని వదులుకున్నట్టే. ఇంటిపన్ను మినహాయింపును లక్ష డాలర్లకు పెంచింది 2023లో ఇలాంటి ఓటే. స్కూల్ బాండ్ల మీద "ఇది ప్రాపర్టీ ట్యాక్స్ పెంపు" అన్న వాక్యం 2019 నుంచి తప్పనిసరి. రేటు మారకపోయినా ఆ వాక్యం ఉంటుంది, కాబట్టి అది చూసి బెదరకుండా మీ డిస్ట్రిక్టు ప్రస్తుత రేటు, బాండ్ తర్వాతి అంచనా రేటు పక్కపక్కన పెట్టి చూడండి.

జార్జియా: ఎక్కువగా తగిలేది స్ప్లాస్ట్, స్కూళ్లకైతే ఈ-స్ప్లాస్ట్. ఒక శాతం సేల్స్ ట్యాక్స్. ఇవి చాలావరకు కొనసాగింపులే, మూడో స్టెప్పులో చెప్పిన చిక్కు ఇక్కడ నేరుగా వర్తిస్తుంది.

న్యూజెర్సీ: రాష్ట్ర ప్రశ్న కింద వివరణ వాక్యం ఉంటుంది. ప్రశ్న కంటే అదే తేలిగ్గా ఉంటుంది, ముందు దాన్నే చదవండి. స్కూల్ బాండ్ ఓటింగ్ నవంబరులోనే జరగాలని లేదు, విడిగా కూడా పెడతారు. స్కూల్ నుంచి వచ్చే మెయిళ్లు చూడకుండా తీసేస్తే తేదీ దాటిపోతుంది.

ఫ్లోరిడా: రాజ్యాంగ సవరణకు 60 శాతం కావాలి. 2024లో అబార్షన్ హక్కు మీద సవరణ 4కు 57 శాతం వచ్చినా ఓడింది.

కొలరాడో: రాజ్యాంగానికి కొత్తగా చేర్చే సవరణలకు 55 శాతం. పన్ను పెంచే మెజర్ పన్నులు పెంచాలా అన్న ప్రశ్నతోనే పెద్ద అక్షరాల్లో మొదలవుతుంది. గైడును అక్కడ బ్లూ బుక్ అంటారు.

పంపే ముందు, పంపాక

కవరు అంటించే ముందు మీ కాగితాన్ని బ్యాలట్ పక్కన పెట్టి ఒక్కో గడి సరిచూడండి. తప్పు ఎక్కువగా జరిగేది ఒకే రకం మెజర్లు రెండు పక్కపక్కన ఉన్నచోట. ఒకదానితో ఒకటి పొసగని రెండు ప్రపోజిషన్లు నెగ్గితే కాలిఫోర్నియాలో ఎక్కువ యెస్ ఓట్లు వచ్చినదే అమలవుతుంది. అందుకని ఒకటి ఇష్టం లేకపోతే దానికి నో వేయాలి, రెండోదానికి యెస్ వేసి సరిపెట్టుకోవద్దు.

కవరు మీద సంతకం మీ ఓటరు రికార్డులోని సంతకంతో సరిపోవాలి. పదేళ్ల క్రితం తెలుగులో చేసి ఇప్పుడు ఇంగ్లిషులో చేస్తే కౌంటీ నుంచి ఉత్తరం వస్తుంది. దానికి గడువులోపు జవాబివ్వండి, లేకపోతే ఆ ఓటు లెక్కలోకి రాదు. బ్యాలట్ అందిందో లేదో కాలిఫోర్నియా ఓటర్లు రాష్ట్ర ట్రాకింగ్ సర్వీసులో పేరు నమోదు చేసుకుంటే ఫోనుకే మెసేజ్ వస్తుంది.